టెస్టు డేటాబేస్‌లో మన పేర్లు: సాఫ్ట్‌వేర్ పరీక్షకు ఎవరి వివరాలు వాడుతున్నారు?

తగరపువలస, సంగివలస, చిట్టివలస చుట్టుపక్కల ఇళ్లలో ఇప్పుడు ఒక మాట మామూలుగా వినిపిస్తుంది: "మావాడు టెస్టింగ్‌లో ఉన్నాడు" అని. ఇంజినీరింగ్ అయిపోయిన పిల్లలు మధురవాడ, రుషికొండ ఆఫీసులకో, హైదరాబాద్, బెంగళూరుకో వెళ్తున్నారు. అమ్మాయిలు కొందరు ఇంటి నుంచే లాగిన్ అవుతున్నారు. ఏం టెస్టింగ్ అని అడిగితే మాత్రం పెద్దవాళ్ల దగ్గర జవాబు ఉండదు. చిట్టివలస జూట్ మిల్లు నడిచిన రోజుల్లో తాతలు చేసిన పని అందరికీ తెలిసేది, గోనె సంచి కళ్ల ముందు కనబడేది. మనవడి పని కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ, ఎర్ర గుర్తులు తప్ప ఇంకేమీ కాదన్నట్టు ఉంటుంది.

పైగా 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించిన దగ్గర్నుంచి 'డేటా' అన్న మాట ఇళ్లలోకి కూడా వచ్చేసింది. పక్కనే ఉన్న ఆనందపురం మండలం తర్లువాడ పేరు పేపర్లలో పడింది. డేటా సెంటర్ అంటే డేటా నిల్వ ఉండే చోటు, అది అందరికీ అర్థమైంది. ఆ డేటాకు ఎన్ని నకళ్లు తీస్తారు, అవి ఎవరి లాప్‌టాప్‌లో పడతాయి అన్నది మాత్రం తక్కువమంది అడిగే ప్రశ్న. టెస్టింగ్‌లో ఉన్న మన పిల్లలు రోజూ ముట్టుకునేది సరిగ్గా ఆ నకళ్లనే.

బిల్డ్ అంటే ఏమిటి

ఒక బ్యాంకు యాప్‌నో, స్కూలు ఫీజు సాఫ్ట్‌వేర్‌నో పదిమంది ప్రోగ్రామర్లు కలిసి రాస్తుంటారు. ఎవరు ఏ చిన్న మార్పు చేసినా దాన్ని ఒకచోట జమ చేస్తారు. జమ అయిన మరుక్షణం ఒక మెషీన్ దానంతట అదే పని మొదలుపెడుతుంది. కోడ్ మొత్తం తీసుకుని, కలిపి, నడిచే ప్రోగ్రాంగా తయారుచేసి, వందలు వేల చిన్న చిన్న పరీక్షలు పెడుతుంది. అన్నీ పాసైతే ఆకుపచ్చ గుర్తు, ఒక్కటి తప్పినా ఎర్ర గుర్తు. దీన్నే ఆటోమేటెడ్ బిల్డ్ అంటారు. జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి సాధనాలు ఈ పనికే పుట్టాయి. పెద్ద కంపెనీలో ఇది రోజుకు వందల సార్లు జరుగుతుంది, పక్కన మనిషి ఉండడు.

ఆ పరీక్షల్లో సగానికి సగం డేటాబేస్‌తో ముడిపడినవే. "ఫీజు కట్టని విద్యార్థుల జాబితా ఇవ్వు" అని పరీక్షించాలంటే ముందు డేటాబేస్‌లో కొందరు విద్యార్థులు ఉండాలి, వాళ్లలో కొందరు ఫీజు కట్టి ఉండాలి, కొందరు కట్టకుండా ఉండాలి. మరి ఆ విద్యార్థులు ఎక్కడి నుంచి వస్తారు? చిక్కంతా ఇక్కడే.

షాపు లెక్కలు రాసే వాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. పాత కాలపు కొట్లలో చిట్టా వేరు, ఆవర్జా వేరు. కొత్తగా చేరిన గుమాస్తాకు లెక్క నేర్పాలంటే అసలు ఆవర్జా చేతికి ఇవ్వరు. ఒక రఫ్ పుస్తకం ఇచ్చి, పది దొంగ పద్దులు రాయించి, టోటల్ కలుస్తుందో లేదో చూస్తారు. టెస్టు డేటాబేస్ అంటే ఆ రఫ్ పుస్తకం. అసలు కస్టమర్ల వివరాలున్న లైవ్ డేటాబేస్ ఆవర్జా. రెండూ ఒకేలా కనబడతాయి, ఒకే గీతలు, ఒకే కాలమ్స్. ఒకేలా కనబడటమే ప్రమాదం కూడా.

ట్రావిస్ సీఐలో ఏం జరిగింది

ట్రావిస్ సీఐ అని ఒక కంపెనీ ఉంది. ఇతరుల సాఫ్ట్‌వేర్‌కు ఆటోమేటెడ్ బిల్డ్‌లు నడిపిపెట్టడమే దాని వ్యాపారం. అంటే ఈ విషయంలో అందరికంటే బాగా తెలిసినవాళ్లన్న మాట. 2018 మార్చి 13న, మన టైమ్ ప్రకారం సాయంత్రం 5:34కి, వాళ్ల లైవ్ డేటాబేస్‌లోని టేబుళ్లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి.

దొంగలు రాలేదు, హ్యాకర్లు లేరు. ఒక డెవలపర్ తన మెషీన్‌లో పరీక్షలు నడిపాడు. పరీక్ష మొదలయ్యే ముందు టెస్టు డేటాబేస్‌ను శుభ్రంగా తుడిచి పెట్టాలి కదా, పాత చెత్త కొత్త పరీక్షను చెడగొట్టకుండా. ఆ తుడిచే పని చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. అది ఏ డేటాబేస్ అడ్రసు ఇస్తే దాన్ని తుడుస్తుంది, ఎవరిది అని అడగదు. అంతకుముందు వేరే పని కోసం లైవ్ డేటాబేస్ అడ్రసు పెట్టుకున్న విండో ఆ డెవలపర్ తెర మీద ఇంకా తెరిచే ఉంది. పరీక్షలు అందులో నడిచాయి. చీపురు రఫ్ పుస్తకం మీద తిరగాల్సింది, ఆవర్జా మీద తిరిగింది.

బ్యాకప్ ఉంది కాబట్టి గంటల తరబడి ఇబ్బంది పడి తిరిగి నిలబెట్టుకున్నారు. ఏం జరిగిందో కంపెనీయే బహిరంగంగా రాసి పెట్టింది. మన దగ్గర ఇలాంటిది జరిగితే "సర్వర్ ప్రాబ్లం" అని ఒక బోర్డు పెట్టి ఊరుకునేవాళ్లే ఎక్కువ.

ఈ ఘటనలో డెవలపర్ పొరపాటు కంటే పెద్దది ఇంకోటి ఉంది. ఆ లాప్‌టాప్ నుంచి లైవ్ డేటాబేస్‌లో తుడిచే అధికారం ఎందుకు ఉండాలి? చూడటానికి మాత్రమే పనికొచ్చే పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే చీపురు పని చేసేదే కాదు. జాగ్రత్తపడే టీమ్‌లు ఇంకో పని కూడా చేస్తాయి. డేటాబేస్ పేరు చివర 'టెస్ట్' అని లేకపోతే పరీక్షలు అసలు మొదలే కాకుండా రెండు లైన్ల కోడ్ పెడతాయి. ఖర్చు లేదు, అరగంట పని.

దీనికి పూర్తిగా తలకిందులైన కథ అంతకు ఏడాది ముందు గిట్‌ల్యాబ్‌లో జరిగింది. 2017 జనవరి 31న ఒక ఇంజినీరు రెండో సర్వర్‌లో డేటా తీసేద్దామనుకుని అసలు సర్వర్‌లో తీసేశాడు. సుమారు 300 జీబీ డేటాలో దాదాపు అంతా పోయింది. బ్యాకప్‌లు తీసి చూస్తే అవి చాలాకాలంగా సరిగ్గా పని చేయడమే లేదని తేలింది. చివరకు వాళ్లను కాపాడింది ఏంటంటే, ఆరు గంటల ముందు టెస్టింగ్ కోసం తీసి పెట్టుకున్న నకలు. ఆ ఆరు గంటల్లో జనం చేసిన పని మాత్రం తిరిగి రాలేదు. టెస్టు నకలు వల్ల మేలు జరిగింది కదా అనుకోవచ్చు. నిజమే, కానీ అది అదృష్టం, ఏర్పాటు కాదు. బ్యాకప్ పని బ్యాకప్ చేయాలి, టెస్టు డేటా పని టెస్టు డేటా చేయాలి.

నవ్వుకునే కేసు కూడా ఒకటి ఉంది. 2021 జూన్ 17న హెచ్‌బీఓ మ్యాక్స్ చందాదారులకు "ఇంటిగ్రేషన్ టెస్ట్ ఈమెయిల్ నంబర్ 1" అనే అర్థంతో ఒక ఖాళీ మెయిల్ వెళ్లింది. పరీక్ష కోసం పెట్టుకున్న మెయిల్ అసలు జాబితాకు చేరిపోయింది. చేసింది ఇంటర్న్ అని కంపెనీ ఒప్పుకుంది. జనం కోప్పడలేదు సరికదా, తమ మొదటి ఉద్యోగంలో చేసిన తప్పులు చెప్పుకుని ఆ ఇంటర్న్‌కు ధైర్యం చెప్పారు. అదే మెయిల్ స్థానంలో "మీ లోన్ రద్దయింది" అనే టెస్టు మెసేజ్ వెళ్లి ఉంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

రఫ్ పుస్తకం ప్రతిసారీ కొత్తదే ఉండాలి

చాలా ఆఫీసుల్లో అందరికీ కలిపి ఒకే టెస్టు డేటాబేస్ ఉంటుంది. ఎప్పుడో ఎవరో నింపినది. నాలుగేళ్లుగా అందరూ అందులోనే రాస్తుంటారు, కొట్టేస్తుంటారు. ఒక బిల్డ్ "మొత్తం విద్యార్థులు పదిమంది" అని లెక్క చూస్తున్న సమయానికే ఇంకో బిల్డ్ పదకొండో విద్యార్థిని చేర్చేస్తుంది. ఎర్ర గుర్తు పడుతుంది. మళ్లీ నడిపితే ఆకుపచ్చ వస్తుంది. నాలుగుసార్లు ఇలా జరిగాక టీమ్ మొత్తానికి ఒక అలవాటు పడిపోతుంది: ఎరుపు వస్తే పట్టించుకోకుండా మళ్లీ నొక్కడం. నిజమైన తప్పు వచ్చిన రోజున కూడా అలాగే మళ్లీ నొక్కుతారు. టెస్టింగ్‌కు ఇంతకంటే పెద్ద జబ్బు లేదు.

అందుకే ఇప్పుడు మంచి టీమ్‌లు ప్రతి బిల్డ్‌కూ సొంతంగా ఒక ఖాళీ డేటాబేస్ పుట్టిస్తాయి. డాకర్ లాంటి సాధనాలు వచ్చాక ఇది కొన్ని సెకన్ల పని. ఖాళీ డేటాబేస్‌లో మొదట టేబుళ్లు గీస్తారు. అది కూడా చేత్తో కాదు, లైవ్ డేటాబేస్‌కు ఏ వరుసలో ఏ మార్పులు చేశారో ఆ స్క్రిప్టులన్నీ అదే వరుసలో నడిపి. తర్వాత ఆ పరీక్షకు అవసరమైన నలుగురైదుగురు కల్పిత మనుషులను చేరుస్తారు. పరీక్ష అయిపోగానే డేటాబేస్‌నే పారేస్తారు. పెళ్లి భోజనాల్లో పేపర్ ప్లేటు లాంటిది, కడిగి దాచుకునేది కాదు.

ప్రతి చిన్న పరీక్షకూ కొత్త డేటాబేస్ అంటే ఆలస్యం అవుతుంది కాబట్టి ఇంకో ఉపాయం ఉంది. పరీక్ష రాసిందంతా పెన్సిల్ రాతలా ఉంచి, చివర్లో పక్కా చేయకుండా వెనక్కి తీసుకోవడం. దీన్ని రోల్‌బ్యాక్ అంటారు. చాలా వేగంగా అవుతుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, కొత్తగా చేరినవాళ్లు తరచూ దీని దగ్గర చిక్కుకుంటారు. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో రాతలు వెనక్కి పోతాయి గానీ వరుస నంబర్లు వెనక్కి పోవు. రసీదు పుస్తకంలో 101వ రసీదు తప్పుగా రాసి క్యాన్సిల్ చేస్తే తర్వాతి రసీదు 102 అవుతుంది గానీ మళ్లీ 101 కాదు కదా, అదే న్యాయం. "మొదటి విద్యార్థి నంబరు 1" అని పరీక్షలో రాసుకుంటే మొదటిసారి పాస్, రెండోసారి ఫెయిల్.

తేదీలు ఇంకో గొయ్యి. 60 ఏళ్లు నిండితేనే పెన్షన్ అనే నియమాన్ని పరీక్షించడానికి ఎవరో 1965 జూన్ 15న పుట్టిన ఒక కల్పిత మనిషిని "ఇంకా 60 నిండలేదు" అని పెట్టారనుకోండి. 2025 జూన్ 14 వరకు ఆ పరీక్ష పాసవుతూనే ఉంటుంది. మర్నాడు పొద్దున్న కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా ఎర్ర గుర్తు వస్తుంది. కల్పిత మనిషికి కూడా వయసు పెరిగింది! పుట్టిన తేదీని గట్టిగా రాయకుండా "ఈ రోజుకు 59 ఏళ్ల 364 రోజులు" అని లెక్కగట్టి పుట్టించాలి, లేదా పరీక్ష లోపల గడియారాన్ని ఒక తేదీ దగ్గర ఆపాలి.

షేక్ అనే పేరు ఫారంలో ఎందుకు పట్టదు

కల్పిత డేటా అంటే ఏదో ఒకటి నింపేయడం కాదు. టెస్టు డేటాలో మనలాంటి పేర్లు లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మన దగ్గరకు వచ్చినప్పుడే మొదటిసారి తడబడుతుంది.

చాలా సాఫ్ట్‌వేర్లలో పరీక్షకు పెట్టే మనిషి పేరు జాన్ స్మిత్. కాస్త దేశీయంగా అయితే రాహుల్ శర్మ. మొదట పేరు, తర్వాత ఇంటిపేరు, రెండూ ఇంగ్లిష్ అక్షరాల్లో, ఐదారు అక్షరాలు. ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. షేక్ మస్తాన్ వలీలో ఇంటిపేరు ఏది? ఒక కార్డులో షేక్ ముందు ఉంటుంది, ఇంకోదాంట్లో ఎస్‌కే అని పొట్టిగా ఉంటుంది, మూడోదాంట్లో వలీ ఇంటిపేరు అయిపోతుంది. మొహమ్మద్‌కు ఇంగ్లిష్‌లో ఎన్ని స్పెల్లింగులో చెప్పక్కర్లేదు, ఎండీ అన్న రెండు అక్షరాలు కూడా అదే పేరు. కొందరు ఆడవాళ్ల పేరు చివర ఆధార్‌లో బేగం, పాన్‌లో బీ. భార్యకు భర్త ఇంటిపేరే ఉంటుందని అనుకుని రాసిన ప్రోగ్రాం మన ఇళ్లలో సగం దంపతులను ఒకే కుటుంబంగా గుర్తించదు. పుట్టిన తేదీ కచ్చితంగా తెలియని పెద్దవాళ్ల కార్డుల్లో జనవరి 1 అని ఉండటం మామూలే. ఒకే వీధిలో ఇద్దరు షేక్‌లు, ఇద్దరికీ జనవరి 1, ఒకే సంవత్సరం. "డూప్లికేట్ దరఖాస్తు" అని ఒకరిది పక్కన పెట్టేయడానికి కంప్యూటర్‌కు ఇంతకంటే ఏం కావాలి?

ఒకే పేరు ఉన్నవాళ్ల తిప్పలు వేరు. గల్ఫ్‌తో సంబంధం ఉన్న కుటుంబాలకు 2022 నవంబరు గుర్తుండే ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లను విజిట్, టూరిస్టు వీసాల మీద యూఏఈ రానివ్వదని విమాన సంస్థలు ప్రకటించాయి. ఆ తర్వాత, రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే ఫర్వాలేదన్నారు. అది ఆ దేశం పెట్టుకున్న నియమం, సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. కానీ ఏ నియమం లేకుండానే, కేవలం పరీక్షలో ఒక్క ఒంటి పేరు కూడా పెట్టని కారణంగా "ఇంటిపేరు తప్పనిసరి" అని ఆగిపోయే ఫారాలు ఎన్నో.

ఇక్కడ టెస్టు డేటాబేస్ రకం కూడా ఆటలోకి వస్తుంది. లైవ్‌లో ఒరాకిల్ డేటాబేస్ ఉంటుంది, అది బరువు అని బిల్డ్‌లో తేలికైన వేరే డేటాబేస్ వాడతారు. ఇంటిపేరు ఖాళీగా వదిలేస్తే చాలా డేటాబేస్‌లు దాన్ని "ఖాళీ అక్షరాలు" అని తీసుకుని ఊరుకుంటాయి. ఒరాకిల్ మాత్రం ఖాళీని "అసలు విలువే లేదు" అని లెక్కేస్తుంది, తప్పనిసరి కాలమ్ అయితే తిప్పికొడుతుంది. అంటే బిల్డ్‌లో ఆకుపచ్చ గుర్తు పడిన సాఫ్ట్‌వేర్ కౌంటర్ దగ్గర ఒంటి పేరు మనిషిని వెనక్కి పంపుతుంది. పరీక్ష పెట్టే చోటా, పని చేసే చోటా ఒకే రకం, ఒకే వెర్షన్ డేటాబేస్ ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

తెలుగు, ఉర్దూ చదివే వాళ్లకు ఆసక్తి కలిగించే లెక్క ఇంకోటి ఉంది. కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్ చోటు తీసుకుంటుంది. ఇప్పుడు అంతటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉర్దూ అక్షరం రెండు బైట్లు, తెలుగు అక్షరం మూడు. అదీ వత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కపెట్టి. "అబ్దుల్ రహమాన్" అని ఇంగ్లిష్‌లో రాస్తే 12 బైట్లు. తెలుగులో రాస్తే మధ్య ఖాళీతో కలిపి 40. పేరు కాలమ్‌కు 30 అని పెట్టారనుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో అది 30 అక్షరాలు కాబట్టి పట్టేస్తుంది. ఒరాకిల్‌లో మామూలు సెట్టింగ్ ప్రకారం 30 బైట్లు కాబట్టి పట్టదు. టెస్టు డేటాలో ఒక్క తెలుగు పేరు పెట్టి ఉంటే ఆఫీసులోనే తెలిసిపోయేది.

అసలు డేటానే వాడేస్తే?

ఇంత కష్టం ఎందుకు, లైవ్ డేటాబేస్‌నే కాపీ చేసి పరీక్ష పెడితే అన్ని రకాల పేర్లూ వస్తాయి కదా అని చాలామంది అనుకుంటారు. అనుకోవడమే కాదు, చేస్తారు కూడా. అది ఎంత ప్రమాదమో ఈ రాష్ట్రానికి తెలియంది కాదు.

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.3 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఎవరైనా చూసేలా ఉన్నాయని భద్రతా పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. అందులో కులం, మతం కాలమ్స్ కూడా ఉన్నాయి. మతాన్ని బట్టి వెతికే వీలు ఉందన్నదే అప్పట్లో అందరినీ కలవరపెట్టింది. బయటికి వచ్చాక ఆ సమాచారం తీసేశారు. అది టెస్టు డేటాబేస్ కాదు, అసలు వెబ్‌సైటే. అంత ముఖ్యమైన చోటే తలుపు తీసి ఉంటే, ఎవరూ కాపలా కాయని టెస్టు నకళ్ల సంగతి ఊహించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీలోకి హ్యాకర్లు దూరింది కూడా పాతబడిన ఒక టెస్టు అకౌంట్ గుండానే అని 2024 జనవరిలో ఆ కంపెనీయే చెప్పింది.

పేర్లు మార్చేసి వాడితే సరిపోదా? దీన్ని మాస్కింగ్ అంటారు. పేరు తీసేసి ఎక్స్, వై అని పెడతారు, ఆధార్‌లో ఎనిమిది అంకెలు చెరిపేస్తారు. ఏమీ చేయకపోవడం కంటే మేలే. కానీ 2000లో అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు ఒక లెక్క చూపించారు. పుట్టిన తేదీ, పిన్‌కోడ్ లాంటి జిప్ నంబరు, ఆడా మగా, ఈ మూడూ తెలిస్తే చాలు, ఆ దేశంలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టే అవకాశం ఉందని. మన విషయంలో ఇది ఇంకా ముదురు. హైదరాబాద్ పాతబస్తీలో "ముస్లిం, మహిళ, 1979" అంటే వేలమంది ఉంటారు. తగరపువలసలో ఒక వీధి పేరు కూడా పక్కన చేరితే బహుశా ఒక్కరే. పేరు చెరిపేసినా ఆమె ఎవరో వీధిలో అందరికీ తెలిసిపోతుంది, ఆమె బ్యాంకు బాకీ, ఆమె వైద్య పరీక్ష ఫలితంతో సహా. తక్కువమంది ఉన్న సముదాయానికి మాస్కింగ్ ఇచ్చే చాటు చాలా పల్చన. ఎక్కువమంది ఉన్నవాళ్ల కోసం రాసిన పద్ధతులు తక్కువమంది ఉన్నచోట పని చేయవన్న సంగతి కంపెనీల్లో గుర్తించేవాళ్లు అరుదు.

చట్టం కూడా ఇటువైపే నడుస్తోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు నోటిఫికేషన్ తర్వాత పద్దెనిమిది నెలలకు అమల్లోకి వస్తాయి. డేటాను సరైన భద్రతతో ఉంచకపోతే జరిమానా రూ. 250 కోట్ల వరకు. అప్పు కోసం ఇచ్చిన వివరాలను ప్రోగ్రాం పరీక్షకు వాడుకోవడానికి జనం ఒప్పుకున్నారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తుంది.

కల్పిత నంబర్లు పుట్టించడానికి దారులున్నాయి. ఆధార్‌లో 12 అంకెలు, చివరిది వెర్‌హోఫ్ అనే డచ్ గణిత శాస్త్రవేత్త 1969లో ప్రచురించిన పద్ధతి ప్రకారం మిగతా పదకొండు అంకెల నుంచి లెక్కగట్టినది. ఏదో 12 అంకెలు కొడితే ప్రోగ్రాం ఒప్పుకోదు. లెక్క ప్రకారం పుట్టిస్తే అది నిజంగా ఎవరిదో అయిపోవచ్చు. అందుకే ఆధార్ సంస్థ డెవలపర్ల కోసం కల్పిత వ్యక్తుల టెస్టు నంబర్లు విడిగా ఇచ్చింది. క్రెడిట్ కార్డుకు 4 తర్వాత పదిహేను ఒకట్లు కొట్టే నంబరు అలాంటిదే. ఈమెయిల్‌కు ఎగ్జాంపుల్ డాట్ కామ్ అని 1999 నుంచి ప్రపంచమంతా ఒప్పుకున్న చిరునామా ఉంది, అటు పంపిన మెయిల్ ఎవరికీ చేరదు. ఫోన్ నంబరు దగ్గరే తొందరపడతారు. వరుసగా తొమ్మిదులు కొట్టేస్తారు, ఆ నంబరు కూడా ఎవరో ఒకరిది అయి ఉండొచ్చు. పరీక్ష నడిచిన ప్రతిసారీ ఆ మనిషికి ఓటీపీ వెళ్తుంది. బిల్డ్‌లో ఎస్సెమ్మెస్ బయటకు పోకుండా అసలు దారే మూసేయాలి.

వాట్సాప్‌లో వెళ్లే ఎక్సెల్ ఫైలు

పెద్ద కంపెనీల సంగతి పక్కన పెడితే, మన డేటా టెస్టు డేటాబేస్‌లోకి చేరే దారి చాలాసార్లు మన చేతుల మీదుగానే ఉంటుంది. ప్రైవేటు స్కూలు, చిట్‌ఫండ్, పెళ్లి సంబంధాల బ్యూరో, నగల షాపు, నిఖా రిజిస్టరు కంప్యూటర్‌లో పెట్టుకుందామనుకునే కమిటీ. ఎవరైనా తెలిసిన కుర్రాడికో, చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకో పని అప్పగిస్తారు. అతను మొదటి రోజే అడుగుతాడు: "భాయ్, శాంపిల్ డేటా ఒకటి పంపండి." ఇటునుంచి ఉన్నదున్నట్టు ఎక్సెల్ ఫైలు వాట్సాప్‌లో వెళ్లిపోతుంది. నాలుగొందల కుటుంబాల పేర్లు, ఫోన్లు, ఆధార్, ఆడపిల్లల పుట్టిన తేదీలు, జీతాలు. ఆ ఫైలు టెస్టు డేటాబేస్‌లోకి ఎక్కుతుంది, కోడ్‌తో పాటు ఏ గిట్‌హబ్ ఖాతాలోనో పడి ఉంటుంది, పని అయ్యాక కూడా అలాగే ఉంటుంది. జనం నమ్మి అప్పగించిన అమానత్ అది. ఇచ్చినవాళ్లకు గానీ, తీసుకున్నవాళ్లకు గానీ చెడు ఉద్దేశం ఉండదు. ఎవరూ ఆలోచించరు, అంతే.

అడిగినప్పుడు ఇవ్వాల్సింది కాలమ్స్ పేర్లు, కింద మీరే కూర్చుని కల్పించిన ఇరవై వరుసలు. మీ దగ్గర వచ్చే చిక్కులు మీకే తెలుసు కాబట్టి ఆ ఇరవై వరుసలు మీకంటే బాగా ఎవరూ రాయలేరు. ఒక ఒంటి పేరు, ఒక ఎస్‌కే, ఒక ఎండీ. ఒకే పేరు, ఒకే జనవరి 1 ఉన్న ఇద్దరు. వేరే వేరే ఇంటిపేర్లున్న భార్యాభర్తలు. తెలుగులో రాసిన ఒక పొడవాటి పేరు, ఉర్దూలో రాసిన ఒకటి. ఫోన్ లేని ఒక ముసలామె. తండ్రి లేని ఒక పిల్లవాడు, అతని సంరక్షకుడిగా మామయ్య. ఫీజు సగం కట్టినవాడు, రెండుసార్లు కట్టినవాడు. సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చాక ఈ ఇరవై మందినీ ముందు నడిపి చూడాలి. అసలు రిజిస్టరు దాని తర్వాతే, కుర్రాడి లాప్‌టాప్‌లో కాకుండా మీ మెషీన్‌లోనే ఎక్కించాలి.

టెస్టింగ్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలకు వెళ్తున్న పిల్లలకు కూడా ఇది పనికొచ్చే విషయమే. "మీ దగ్గర ప్రశ్నలేమైనా ఉన్నాయా" అని చివర్లో అడుగుతారు కదా. బిల్డ్‌లో వాడే టెస్టు డేటా ఎక్కడి నుంచి వస్తుందని అడగండి. ప్రతి బిల్డ్‌కూ కొత్తగా పుట్టిస్తామంటే ఆ టీమ్‌లో నేర్చుకోవడానికి చాలా ఉంది. లైవ్ నుంచి కాపీ తెచ్చుకుంటామంటే మాస్కింగ్ ఎవరు చేస్తారు, ఆ కాపీని ఎప్పుడు చెరిపేస్తారు అన్నది రెండో ప్రశ్న.